మధ్యలో రెండు ఖాళీ పేజీలు

నన్ను అందరూ మార్జిన్ టీచర్ అంటారు. ఎదురుగా ఎవరూ అనరు గానీ నాకు తెలుసు. అననివ్వండి, అబద్ధమేం కాదుగా. బడిలో ఇరవై ఆరేళ్లు సైన్సు చెప్పి, రిటైరయ్యాక ఆదివారాలు ఇంట్లో పెట్టుకున్న క్లాసు ఒక్కటే: పరీక్షలో జవాబులు శుభ్రంగా రాయడం ఎలా అని. పాఠం నేను చెప్పను. పాఠం బడిలో చెప్పించుకుని రమ్మంటాను. నా దగ్గర నేర్చుకునేది ఎడమ పక్క రెండు వేళ్ల వెడల్పు మార్జిన్, జవాబుకీ జవాబుకీ మధ్య రెండు గీతల ఖాళీ, శీర్షిక కింద స్కేలుతో గీత, బొమ్మ పెన్సిలుతో, భాగాల పేర్లు కుడిపక్క ఒకే వరసలో. కొట్టివేత ఒక్క గీతతో సరి. పిచ్చి గీతలు గీసి అక్షరాన్ని చంపితే నాకు ఒళ్లు మండుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం చివరిది. మధ్యలో ఖాళీ పేజీ వదలకూడదు. పేజీ తిప్పిన ప్రతిసారీ పైన నంబరు చూసుకోవాలి. పదిహేడు తర్వాత పద్దెనిమిదే రావాలి, ఇరవై రాకూడదు. ఈ మాట నేను ఎన్నిసార్లు చెబుతానంటే, పిల్లలు నాకన్నా ముందే బృందగానంలాగా అందుకుంటారు. అందం కోసం చెబుతున్నానని వాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఈ ఏడు క్లాసులో తొమ్మిదిమంది. ఎనిమిదిమంది బయటి పిల్లలు, తొమ్మిదోది మా అమ్మాయి. లేకలేక పుట్టింది, అందుకని గారాబం చేశానని మా ఆయన అంటారు. గారాబం చేసింది ఆయన, మాట పడింది నేను. కిందటేడు అది సైన్సు ఒక్కటే తప్పింది. చదవక కాదు. పరీక్ష హాల్లో చేతులు వణికి, రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసి, పేపరంతా కలగాపులగం చేసి వచ్చింది. మార్జిన్ టీచర్ కూతురు పేపరు చిందరవందరగా రాసి తప్పిందంటే ఊళ్లో వాళ్లకి వారం రోజులు కాలక్షేపం. అది పోనీ అనుకున్నాను. కానీ దానికి నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది. ఈసారి సైన్సు గట్టెక్కితేనే ఆ సీటు దానిది. లేకపోతే వరసలో తర్వాతి పిల్లకి ఇచ్చేస్తామని ఉత్తరంలో స్పష్టంగా రాశారు. ఆ ఉత్తరం అది తన మంచం పక్క గోడకి అంటించుకుంది. పొద్దున్న లేవగానే దాన్నే చూసేది.

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. సన్నపనికి అలవాటుపడ్డ చేతులు కాబట్టి, పరీక్షలో ఇచ్చేలాంటి ఇరవైనాలుగు పేజీల పుస్తకాలు ఆయనే కుట్టిపెడతారు. ప్రతి శనివారం తొమ్మిది. ఆదివారం పొద్దున్న ముందుగదిలో రెండు పొడుగు బల్లల మీద పిల్లలు రాస్తారు. పన్నెండు కొట్టగానే నేను, "పెన్నులు మూయండి" అంటాను. తొమ్మిది క్యాపులు టకటకా పడతాయి. మధ్యాహ్నం భోంచేసి, ఎర్రపెన్ను తీసుకుని దిద్దడానికి కూర్చుంటాను.

పరీక్షలకి ఐదు వారాలుందనగా ఒక ఆదివారం నా చేతికి పది పుస్తకాలు వచ్చాయి.

పదోదాని మీద పేరు లేదు, నంబరు లేదు. లోపల రాత కోడి కెలికినట్టుంది. మార్జిన్ లేదు, శీర్షిక ఏదో జవాబు ఏదో తెలీదు. పైగా ప్రశ్నలు నేనిచ్చినవి కావు. ఎవరో పాత గైడు చూసి అదనంగా రాశారు కాబోలు అనుకున్నాను. పదిహేడో పేజీతో రాత ఆగిపోయింది. తిప్పితే పద్దెనిమిది, పందొమ్మిది తెల్లగా ఉన్నాయి. అక్కడితో మూసేసి, అట్టమీద ఎర్రగా రాశాను: "మార్జిన్ ఏది? ఇది జవాబు పత్రమా, చాకలి చిట్టానా?"

వంటింటి వైపు తిరిగి, "ఈసారి పది కుట్టారా?" అని అడిగాను.

"తొమ్మిదే," అన్నారు మా ఆయన వంటింట్లోంచి. "నాకు తొమ్మిది దాకా లెక్క వచ్చు."

మర్నాడు సాయంత్రం పిల్లలు వస్తే పుస్తకాలు తిరిగి ఇచ్చేశాను. పదోదాన్ని ఎవరూ తీసుకోలేదు. అన్నింటికీ చెయ్యెత్తే పిల్ల ఒకతి ఉంది, దాన్ని ఇంకుబుడ్డి అంటారు. అది కూడా చెయ్యెత్తలేదు. "మా రాత ఇంత ఘోరంగా ఉండదు టీచర్," అని మాత్రం అంది.

రెండో ఆదివారం మళ్లీ పది వచ్చాయి. పదోదాంట్లో అవే ప్రశ్నలు, అవే జవాబులు. ఈసారి ఎడమపక్క రెండు వేళ్ల వెడల్పు మార్జిన్ ఉంది. నేను నా వేళ్లు పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం ముచ్చటేసింది. చెప్పిన మాట వినే పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? "మార్జిన్ బాగుంది. శీర్షిక కింద గీత, జవాబుకీ జవాబుకీ ఎడం," అని రాశాను. మళ్లీ పద్దెనిమిది, పందొమ్మిది ఖాళీ. మళ్లీ అక్కడే మూశాను.

మూడో ఆదివారం శీర్షికల కింద స్కేలు గీతలు వచ్చాయి. అక్షరాలు కూడా ఒకదానిపక్క ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. ఆ రోజు ఇంకొకటి గమనించాను. పన్నెండు కొట్టగానే "పెన్నులు మూయండి" అన్నాను. తొమ్మిది క్యాపులు పడ్డాయి. పిల్లలందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నారు. అయినా రెండో బల్ల చివర, గోడవైపు, ఎవరూ కూర్చోని చోట కాగితం మీద పాళీ గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తొందరగా రాస్తున్న చప్పుడు. నేను అటు ఒక అడుగు వేయగానే ఆగింది. పెన్ను మూసిన చప్పుడు మాత్రం రాలేదు.

"ఏమైందమ్మా?" అంది మా అమ్మాయి.

"ఏం లేదు, ఎలక," అన్నాను.

ఆ మధ్యాహ్నం పదో పుస్తకం తెరవడానికి చెయ్యి రాలేదు. తెరిచాను. పందొమ్మిదో పేజీ దగ్గర కిటికీలోంచి వెలుతురు పడుతోంది. కాగితం పలచన. తెల్లటి పేజీ వెనక అక్షరాల వరసలు తిరగేసి కనిపిస్తున్నాయి. అంటే ఇరవయ్యో పేజీలో రాత ఉంది. నేను పేజీ తిప్పలేదు. ఎందుకు తిప్పలేదని నన్ను అడగండి, చెబుతాను, కానీ అప్పుడు నన్ను నేను అడగలేదు. అట్టమీద గబగబా రాశాను: "నంబరు వెయ్యవా? మధ్యలో ఖాళీ పేజీలు ఎందుకు?"

నాలుగో ఆదివారం జవాబు వచ్చింది.

పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. నా క్లాసులో అంత చక్కగా ఇంతవరకు ఎవరూ రాయలేదు, మా అమ్మాయితో సహా. అట్టమీద నంబరు గడిలో ఏడు వందల నలభై రెండు అని ఉంది. పద్దెనిమిదో పేజీ పైన, మార్జిన్ పక్కన, ఒక్క వాక్యం ఉంది: "మీరు తిప్పుతారో లేదో చూద్దామని, టీచర్."

ఆ నంబరు నాకు తెలుసు. పదకొండేళ్లుగా తెలుసు.

అప్పుడు పేపర్లు దిద్దే క్యాంపులో ఉన్నాను. పెద్ద హాలు, వరసగా బల్లలు, ఒక్కొక్కరి ముందు నలభై పుస్తకాల కట్ట. పిల్లల పేర్లుండవు, కోడు నంబర్లే. దిద్దడం అయిపోయాక మిగిలిన ఖాళీ పేజీల మీద మేం అడ్డంగా ఎర్రగీత కొట్టాలి, తర్వాత ఎవరూ ఏమీ రాయకుండా. నా గీతకి చివర చిన్న కొక్కెం ఉండేది, చేతి అలవాటు. ఏడు వందల నలభై రెండు రాత కోడి కెలికినట్టుంది. చూసి చూసి కళ్లు లాగేశాయి. రెండు పేజీలు ఖాళీ కనిపించగానే అమ్మయ్య అనుకుని గీత కొట్టేశాను, మార్కులు కూడితే ముప్పై ఒకటి వచ్చాయి. పాసవడానికి ముప్పై ఐదు కావాలి. సంతకం చేశాను.

సాయంత్రం కట్ట కడుతుంటే ఫ్యాను గాలికి ఆ పుస్తకం తెరుచుకుంది. ఇరవయ్యో పేజీలో గుండె బొమ్మ. పక్కనే జవాబు, రెండు పేజీలు. పాపం, పరీక్ష తొందరలో ఎవరో రెండు కాగితాలు కలిపి తిప్పేశారు. అంతే జరిగింది. ఆ ప్రశ్నకి ఎనిమిది మార్కులు. అందులో నాలుగు వస్తే ఆ బిడ్డ పాసు.

మార్కుల పట్టీ అప్పటికే క్యాంపు పెద్దాయన దగ్గరికి వెళ్లిపోయింది. వెనక్కి తెప్పించాలంటే తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయాలి. ఆయన నలుగురిలో కడిగేస్తారు. బయట బస్సు హారన్ కొడుతోంది. ఈ రాతకి ఎలాగూ నాలుగు రావులే అనుకున్నాను. కట్ట కట్టేశాను. ఆ రాసింది ఆడపిల్లో మగపిల్లాడో, తర్వాత ఏమయ్యారో నాకు తెలియదు. కళ్లు బాగాలేవని చెప్పి మర్నాటి నుంచి క్యాంపులకి వెళ్లడం మానేశాను. ఖాళీ పేజీల నియమం ఆ ఏడే మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ వాక్యం నా ఒళ్లో ఉంది. నాకు భయం వేసింది. భయంతోపాటు కోపం వచ్చింది, అది నా జబ్బు. ఎవరో నాకు పరీక్ష పెడుతున్నారా, నాకు? ఎర్రపెన్ను తీసి ఆ రెండు పేజీల మీదా అడ్డంగా గీత కొట్టాను. చివర కొక్కెం తిరిగింది. పుస్తకాన్ని తీసుకెళ్లి ఇనప్పెట్టెలో పాత గుడ్డల అడుగున పెట్టి తాళం వేశాను.

ఐదో ఆదివారం తొమ్మిదే వచ్చాయి. పాళీ చప్పుడు లేదు. పీడ విరగడైందనుకున్నాను. మా అమ్మాయి పుస్తకం అద్దంలా ఉంది. చూసి మా ఆయన, "గడియారం లోపల కూడా ఇంత పద్ధతి ఉండదు," అన్నారు. అది సిగ్గుపడి నవ్వింది. ఏడాది తర్వాత దాని మొహంలో నవ్వు చూశాను.

పరీక్ష రాసి వచ్చి, "అన్నీ రాశానమ్మా. ఒక్కటి కూడా వదల్లేదు," అంది. దాని చేతులు వణకడం లేదు. నేను నంబర్లు చూసుకున్నావా అని అడగబోయి, ఎందుకో అడగలేదు.

ఫలితాలు వచ్చాయి. సైన్సులో ముప్పై ఒకటి.

అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. గోడమీద ఉత్తరం జాగ్రత్తగా, చిరగకుండా తీసి, మడిచి సొరుగులో పెట్టింది. మా ఆయన మూడు రోజులు కొట్టు తెరవలేదు. నేను జవాబు పత్రం నకలు కోసం దరఖాస్తు పెట్టాను. సీటు నెలాఖరు దాకా ఉంచుతామన్నారు నర్సింగ్ స్కూలు వాళ్లు. అప్పటికి ఇరవై రోజులుంది.

నకలు వచ్చేసరికి పదకొండు రోజులు మిగిలాయి. వంటింటి బల్ల మీద నేనూ అదీ పక్కపక్కన కూర్చుని తెరిచాం. ఒక్కో పేజీ తిప్పుతుంటే నాకు గర్వంగా ఉంది. మార్జిన్, శీర్షికలు, బొమ్మలు, అన్నీ నేను నేర్పినట్టే. పదిహేడు అయింది. తిప్పాను. పద్దెనిమిది, పందొమ్మిది ఖాళీ. వాటి మీద అడ్డంగా గీత.

"నేను వదల్లేదమ్మా," అంది అది. "వరసగానే రాశాను. రెండు కాగితాలు అతుక్కున్నాయేమో. నంబరు చూసుకోవాలని తెలుసు. ఆఖరి ప్రశ్న, టైము లేదు, చూసుకోలేదు."

ఇరవయ్యో పేజీ తిప్పాను. మూత్రపిండం బొమ్మ, దాని పక్కన నిండుగా రెండు పేజీల జవాబు. ఎక్కడా ఒక్క మార్కు పడలేదు. కనీసం చూసిన గుర్తు కూడా లేదు.

అది మళ్లీ వెనక్కి తిప్పింది. గీత మీద వేలు పెట్టి, పైనుంచి కిందకి నెమ్మదిగా జరిపి, చివర ఆగింది. జిరాక్సులో ఎర్రసిరా నల్లగా పడింది గానీ, కొక్కెం కొక్కెమే. ఎన్నో ఏళ్లుగా దాని ప్రతి పుస్తకం చివరా కొడుతున్న గీత అది.

"అమ్మా," అంది. "ఇది నీ గీత."

నకలు నా వైపు తోసింది.

"నా పేపరు నువ్వు దిద్దావా?"

"లేదు. పదకొండేళ్లయింది నేను క్యాంపు మొహం చూసి."

"మరి?"

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను, ఫ్యాను గాలి దగ్గర్నుంచి ఇనప్పెట్టె దాకా. మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నారు. ఆయనకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

"నువ్వు చూశావు కదా," అంది అమ్మాయి. "ఆ జవాబు ఉందని చూశాక కూడా ఎందుకు కట్టేశావు?"

"బస్సు వచ్చేసింది," అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట విన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. పదకొండేళ్లుగా ఎన్ని కారణాలు చెప్పుకున్నానో, అన్నీ కలిపితే అంతే. బస్సు వచ్చేసింది. ఎవరి బిడ్డో ఏడాది పోగొట్టుకుంటుంటే నేను కిటికీ పక్క సీటు దొరుకుతుందో లేదోనని పరిగెత్తాను.

ఇనప్పెట్టె తాళం మా ఆయన తీశారు. గుడ్డల అడుగున పుస్తకం అలాగే ఉంది. వంటింటి బల్ల మీద పెట్టి, ఎర్రపెన్ను తీసుకుని కూర్చున్నాను. పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. నా గీత. తిప్పాను.

గుండె బొమ్మ పెన్సిలుతో గీసి ఉంది. భాగాల పేర్లు కుడిపక్క ఒకే వరసలో, స్కేలు పెట్టినట్టు. జవాబు చదివాను, నా సొంత బిడ్డ పేపరు చదివినంత ఓపికగా చదివాను. కవాటాల దగ్గర ఒక తప్పుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం ఏ వైపు చేరుతుందో కాస్త తడబడింది. మిగిలిందంతా సరిగ్గా ఉంది. అక్కర్లేని జాలి చూపించలేదు, చెయ్యి బిగబట్టి కూడా దిద్దలేదు. ఎనిమిదికి ఆరు వేశాను.

నాలుగు చాలు. ఆరు వచ్చాయి. ఆ కోడి కెలికిన రాతలో కూడా ఆ రోజు ఇదే జవాబు ఉండి ఉంటుంది. ఆరు వచ్చేవి. బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. ఎవరూ నన్ను ఊరుకోబెట్టలేదు, అదే మంచిదైంది.

తర్వాత పునఃపరిశీలన దరఖాస్తు తెల్లకాగితం మీద మొదలుపెట్టాను. మార్జిన్ గీశాను. మా అమ్మాయి నంబరు రాయబోతుంటే చెయ్యి ఆగింది. దానిదొక్కటే రాస్తే పని వారంలో అయిపోతుంది. పదకొండేళ్ల కిందటిది కూడా రాసి, ఆ పేపరు దిద్దింది నేనేనని, జవాబు ఉందని తెలిసీ మూసేశానని ఒప్పుకుంటే, విచారణ అంటారు, పాత రికార్డులు అంటారు, అమ్మాయి కాగితం కూడా ఆ కట్టలోనే ఇరుక్కుంటుంది. రెండూ వేరు వేరుగా రాయొచ్చుగా అని ఎవరైనా అనొచ్చు. వేరుగా రాస్తే, అమ్మాయిది అయ్యాక రెండోది నేను రాయను. నా సంగతి నాకు తెలుసు. బస్సు మళ్లీ వస్తుంది.

"రెండూ ఒకే దాంట్లో రాస్తే ఆలస్యమవుతుంది," అన్నాను. "నీ సీటు పోవచ్చు."

అది తలుపులోంచి తన మంచం పక్క గోడకేసి చూసింది. ఉత్తరం అంటించిన చోట నాలుగు మూలలా జిగురు మరకలు మిగిలాయి. దానికి ఎంత కష్టంగా ఉందో నాకు తెలుస్తోంది. అది వద్దంటే, పాతది రాయకుండా వదిలేద్దునేమో కూడా.

"తనది ముందు రాయి," అంది. "ముందు రాసింది తనే కదా."

రాశాను. మొదటి వరసలో ఏడు వందల నలభై రెండు. రెండో వరసలో మా అమ్మాయిది. కింద నా తప్పు, ఉన్నదున్నట్టు, కొట్టివేత లేకుండా. సంతకం పెట్టాను. మధ్యలో ఎక్కడా ఖాళీ వదల్లేదు.

అది బుధవారం. మేం ముగ్గురం వంటింట్లోనే ఉన్నాం. ముందుగదిలో, రెండో బల్ల చివర గోడవైపు నుంచి, పెన్నుకి క్యాపు పెట్టిన చప్పుడు వినిపించింది.